మంచులో పోయిన బూట్లు

ఆటో పెద్దవీధి మొదట్లోనే ఆగిపోయింది. వీధికి అడ్డంగా షామియానా వేశారు, ఇక ముందుకు పోదు. "ఆ కనపడే పెంకుటిల్లేనండి, ఎంతో దూరం లేదు" అన్నాడు డ్రైవరు. దిగాను గాని నడవలేదు. సత్తిబాబు గారి పెద్దకర్మకు తప్పకుండా రావాలని వాళ్లమ్మాయి ఫోన్ చేసి మరీ చెప్పింది. వస్తానని మాటిచ్చాను. రాజోలులో బస్సెక్కి, కొత్తపేటలో దిగి, ఆటో మాట్లాడుకుని, దారి పొడుగునా ఆయన్నే తలుచుకుంటూ బాగానే వచ్చాను. తీరా వీధి మొదలు కనపడేసరికి కాళ్లు మొరాయించాయి. ఏళ్ల తరబడి కాలేజీలో పాఠాలు చెప్పి, ఎంతటి పెద్దవాళ్లతోనైనా తొణక్కుండా మాట్లాడిన మనిషిని, నా కాలి చెప్పుల వంక చూసుకుంటూ ఎండలో నిలబడిపోయాను.

ఈ ఊరు మా నాయనమ్మ రాహేలమ్మ పుట్టిల్లు. పుట్టిల్లంటే ఈ వీధిలో కాదు. ఈ వీధి దాటి, కాలవ దాటి, కొబ్బరితోటల వెనక ఉన్న పేటలో. అప్పట్లో పేటలో వాళ్లు పనికి పోవాలంటే పెద్దవీధిలోంచే పోవాలి. పెద్దవీధిలోంచి పోవాలంటే కాళ్లకి చెప్పులు ఉండకూడదు. చెప్పులంటూ ఉంటే చేత్తో పట్టుకోవాలి, లేకపోతే చంకలో పెట్టుకోవాలి. నాయనమ్మ చిన్నతనంలో వాళ్ల నాన్న ఎక్కడో ఒక జత తోలుచెప్పులు సంపాదించాడట. రోజూ వాటిని చంకలో పెట్టుకుని తలొంచుకుని ఈ వీధి దాటేవాడట. "వీధి దాటేక ఏసుకునేవోడే. దాటేక ఇంకేముందీ, బురదే కదా. బురదలో చెప్పులేం ఏసుకుంటారు? అలా సంకలోనే అరిగిపోయేయి మా అయ్య చెప్పులు" అని నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం చిన్నప్పుడు కూడా ఆ కథకి నవ్వు వచ్చేది కాదు.

నాయనమ్మ పెళ్లయి రాజోలు దగ్గర మా ఊరొచ్చింది. మా ఇల్లు చర్చికి ఆనుకునే ఉండేది. చర్చిని మేం గుడి అనేవాళ్లం. మధ్యలో ఒక కొబ్బరాకుల దడి, ఆ దడికి మనిషి పట్టేంత సందు. ఆదివారం పొద్దున్న ఇల్లంతా హడావుడిగా ఉండేది. గుడి నుంచి రాగానే పొయ్యి మీద పెట్టడానికని అమ్మ కోడికూరకి మసాలా నూరి ఉంచేది. ఇంట్లో అల్లం, గసగసాల వాసన, మా తలల మీద కొబ్బరినూనె వాసన, పెట్టెలోంచి తీసిన బట్టల్లో కర్పూరం ఉండల వాసన, అన్నీ కలిసిపోయి ఉండేవి. ఈ గొడవేదీ పట్టనట్టు నాయనమ్మ అరుగు మీద కూర్చుని, పాతగుడ్డతో చెప్పులు తుడుచుకునేది. మిగతా రోజుల్లో అవి మంచం కింద గోనెసంచిలో ఉండేవి. పొలానికైనా, సంతకైనా, చుట్టాలింటికైనా ఒట్టి కాళ్లతోనే వెళ్లేది. ఆదివారం మాత్రం వాటిని వేసుకుని, చీరకొంగు తలమీద కప్పుకుని, దడి సందులోంచి గుడి మెట్ల దాకా నడిచేది. అక్కడ విప్పేసేది. మిగతావాళ్లు తోసుకుంటూ వదిలేసిన చెప్పుల కుప్పకి దూరంగా, రెండూ జతగా, మొనలు బయటికి తిప్పి పెట్టేది. ఒకసారి అడిగాను, ఎలాగూ అక్కడ విప్పేసేదానికి ఇంత దగ్గరకి చెప్పులు ఎందుకని.

"విప్పడానికి ఉండాలి కదే నా తల్లీ" అంది. "మా అయ్య ఆళ్లు విప్పమంటే విప్పేడు. నేను నాయంతట నేను విప్పుతున్నాను. రెండూ ఒకటేంటే?"

మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఆయనది ఇంకో పద్ధతి. శనివారం సాయంత్రం పాత పేపరు పరుచుకుని, పాలిషు డబ్బా మూత తీసి, బూట్లు ముందేసుకుని కూర్చునేవాడు. ఆ పాలిషు వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకు మా వరండా గుర్తొస్తుంది. సోమవారం ఆ బూట్లు వేసుకుని, దగ్గరి దారి వదిలేసి, కావాలని ఊరి నడిమధ్య నుంచి టకటకమని నడిచి బడికి వెళ్లేవాడు. అమ్మ వేళాకోళం చేసేది, "మీ నాన్నగారు వస్తున్నారని బడిగంటకన్నా ముందు బూట్లు చెప్తాయి" అని. నాకు చర్చి తరఫున స్కాలర్‌షిప్ వచ్చి, ఇంగ్లండులో టీచరు ట్రైనింగుకు వెళ్లడం ఖాయమయ్యాక, నాన్న నన్ను రాజమండ్రి తీసుకెళ్లి లేసులున్న నల్లతోలు బూట్లు కొనిచ్చాడు. కొట్లోనే మోకాళ్ల మీద కూర్చుని నాకు లేసులు కట్టడం నేర్పించాడు. "చలిదేశం. ఇవి కాళ్లనుంచి తియ్యకు. ఎవరు తియ్యమన్నా తియ్యకు" అన్నాడు. ఆ రెండో మాట చలి గురించి కాదని నాకు తెలుసు, నాన్నకీ తెలుసు.

ఇంగ్లండులో నేనున్న ఊరు ఉత్తరాన ఉండేది. బొగ్గుపొగ, తడి ఉన్ని, ఉడికిన క్యాబేజీ, ఇవీ మా హాస్టలు వాసనలు. చలికాలం సెలవుల్లో ఇళ్లకి పోలేని విదేశీ విద్యార్థుల్ని ఒకరోజు ఏవైనా పాత కట్టడాలు చూపించడానికి తీసుకెళ్లడం అక్కడి ఆనవాయితీ. మా వార్డెనమ్మ మంచిదే గాని టైము దగ్గర మాత్రం రాక్షసి. ఆ రోజు పొద్దున్న బస్సెక్కగానే అందరికీ చెప్పింది, ముందు కోట, తర్వాత కొండమీద పెద్ద చర్చి, చీకటి పడకముందే తిరుగు ప్రయాణం, మంచు పెరిగితే కొండరోడ్డు మూసేస్తారు, ఎవరికోసమూ బస్సు ఆగదు అని. నేను కిటికీ పక్కన సర్దుకుని కూర్చున్నానో లేదో, వెనక సీట్లోంచి ఎవరో తనలో తానే "బాబోయ్, ఏం చలిరా నాయనా" అనుకోవడం వినపడింది.

నెలల తరవాత చెవిన పడ్డ తెలుగు అది. గిరుక్కున వెనక్కి తిరిగాను. అతను నాకన్నా ఎక్కువ సంబరపడిపోయాడు. పేరు సత్తిబాబు, అక్కడే ఇంజనీరింగులో పైచదువు చదువుతున్నాడు. సన్నగా, పొడుగ్గా, చెవులు మూసేలా మంకీక్యాపు. నా పేరు కరుణ అని చెప్పాను. లేచొచ్చి పక్క సీట్లో కూర్చుని, పూతరేకుల దగ్గర్నించి పులసచేప దాకా ఒక్క గుక్కలో మాట్లాడేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే భయం కూడా వేసింది, ఎందుకంటే తరవాత ఏ ప్రశ్న వస్తుందో మావైపు పుట్టినవాళ్లందరికీ తెలుసు.

"మీదేవూరండి?"

"రాజోలు దగ్గరండి."

"రాజోలేనా! మరి చెప్పరేంటండి. మాది కొత్తపేట దగ్గర" అంటూ ఊరి పేరు చెప్పాడు. అది మా నాయనమ్మ పుట్టినూరు. "పెద్దవీధిలో మా ఇల్లంటే ఎవరైనా చెప్తారండి. రాజోల్లో మాకు చుట్టాలున్నారు. మీరు ఎవరి తాలూకండి?"

నేను కిటికీలోంచి గొర్రెల్ని చూపించాను. అతను గొర్రెల్ని మెచ్చుకుని మళ్లీ అక్కడికే వచ్చాడు. ఈసారి నాకు తల తిరుగుతోందని కళ్లు మూసుకున్నాను. అంత దూరం పోయి, సముద్రాలు దాటి, ఎవరి తాలూకూ కాకుండా ఉత్త కరుణగా బతుకుతున్నదాన్ని. ఆ ఒక్క రోజు గడిస్తే చాలు, మళ్లీ అలాగే ఉండిపోవచ్చు అనుకున్నాను. నేను దాచుకుంటున్నదాంట్లో నా తప్పేమీ లేదని తెలుసు, అయినా దాచుకుంటున్నానన్న కోపం నామీద నాకే వచ్చింది.

కోటలో ఏం చూశానో సరిగ్గా గుర్తులేదు. గైడు ముసలాయన సింహద్వారం చూపించి, మామూలు జనం ఇందులోంచి రావడానికి వీల్లేదు, కింద మురికికాలవ పక్కన ఉన్న చిన్న తలుపులోంచే రావాలి అని చెప్పాడు. "ఓహో, ఇక్కడా ఇలాంటివి ఉన్నాయన్నమాట" అని సత్తిబాబు సరదాగా నావైపు తిరిగి నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ తరవాత అతను కెమెరా పట్టుకుని గోడ గోడకీ ఆగడంతో మేమిద్దరం వెనకబడిపోయాం. కొండమీద చర్చికి చేరేసరికి మావాళ్లందరూ ఎప్పుడో లోపలికి వెళ్లిపోయారు. సన్నగా మంచు మొదలైంది.

చర్చి ముఖమండపంలో ఒక పెద్ద చెక్కపెట్టె, దాని పక్కన వరసగా బూట్లు. పిల్లలవి, పెద్దలవి, జతలు జతలుగా. సత్తిబాబు మొహం వెలిగిపోయింది. "అమ్మయ్య, ఇక్కడన్నా పద్ధతి తెలిసినోళ్లున్నారండి. చెప్పుల స్టాండు పెట్టేరు చూడండి" అంటూ అప్పుడే ఒంగి లేసులు విప్పుతున్నాడు. నాన్న మాట నాకు గుర్తొచ్చింది. కానీ అక్కడ మా హాస్టలున్న ఊళ్లో చర్చికి ప్రతి ఆదివారం అందరిలాగే బూట్లతోనే వెళ్తూ, నాయనమ్మ వెనకనుంచి చూస్తున్నట్టు ఇబ్బంది పడిపోయేదాన్ని. ఇది పాతకాలపు గుడి, వీళ్లకీ ఒకప్పుడు మనలాంటి ఆచారమే ఉండేది కాబోలు అనుకున్నాను. ఎవరూ తియ్యమనలేదు. నా అంతట నేనే తీశాను. రెండూ జతగా, మొనలు బయటికి తిప్పి, ఆ వరసలోనే పెట్టాను. పెట్టె మీద ఏదో రాసి ఉంది. అక్షరాల మీద గాలికి కొట్టుకొచ్చిన మంచు పేరుకుంది, చదవాలన్న ఆలోచనే రాలేదు.

లోపల రాతినేల చలి మేజోళ్లలోంచి ఎముకల దాకా ఎక్కింది. అయినా ఆ దేశంలో మొదటిసారి గుడిలో ఉన్నట్టనిపించింది. బల్ల మీద కూర్చుని తలొంచి ప్రార్థన చేసుకున్నాను. కళ్లు తెరిస్తే ఒక తెల్ల పిల్లవాడు నా కాళ్లకేసి వేలు చూపిస్తున్నాడు. అప్పుడు చుట్టూ చూశాను. అందరి కాళ్లకీ బూట్లున్నాయి. సత్తిబాబు కూడా అప్పుడే చూసినట్టున్నాడు, స్తంభం దగ్గర నిలబడి తెల్లమొహం వేశాడు. ఇద్దరం పరుగులాంటి నడకతో బయటికొచ్చాం. పెట్టె లేదు. బూట్ల వరస లేదు. మండపంలో ఒక ముసలమ్మ మంచు ఊడుస్తోంది. అడిగితే ఎంతో ఆదరంగా చెప్పింది, బీదవాళ్లకోసం ఊరివాళ్లు తెచ్చి పెడుతున్న బట్టలు, బూట్లు అవి, ఇప్పుడే బండి వచ్చి తీసుకెళ్లింది, కొండ కింద హాల్లో పంచుతారు, మీరు కూడా ఏమైనా ఇద్దామనుకున్నారా అని.

చర్చి ముందు పెద్ద ఖాళీస్థలం, దానికి అవతల మా బస్సు. స్థలమంతా అప్పటికే తెల్లగా కప్పేసింది. డ్రైవరు హారన్ కొట్టాడు. వార్డెనమ్మ గొడుగేసుకుని వచ్చి సంగతి విని నెత్తి పట్టుకుంది. "బూట్లే కదా, రేపు హాస్టల్లో చూద్దాం. ముందు పరిగెత్తండి, రోడ్డు మూసేస్తారు" అంది. బస్సు అద్దాలు తుడుచుకుని అందరూ మమ్మల్నే చూస్తున్నారు. కొందరు నవ్వుతున్నారు.

"పోనీలెండి, ఒక్క పరుగు తీసేద్దాం" అన్నాడు సత్తిబాబు. "అన్నవరం కొండ ఎక్కేను నేను, ఒట్టి కాళ్లతోనే."

"నేను రానండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"మంచే కదండీ, నిప్పులేం కాదు కదా."

"మీకు మంచేనండి" అన్నాను. ఇక ఆగలేదు. పొద్దుటినుంచి బిగబట్టిందంతా బయటపడిపోయింది. "ఎవరి తాలూకని అడిగేరు కదా, చెప్తాను వినండి. మీ పెద్దవీధి వెనక కాలవ అవతల పేట ఉంది కదా, అది మా నాయనమ్మ పుట్టిల్లు. మా నాయనమ్మ వాళ్ల నాన్న మీ ఇంటిముందు నుంచి చెప్పులు చంకలో పెట్టుకుని నడిచేడు. ఎవరు తియ్యమన్నా తియ్యొద్దని మా నాన్న ఆ బూట్లు కొనిచ్చేడు. ఇంతమంది చూస్తుండగా ఒట్టి కాళ్లతో నేను నడవను. బస్సు పోతే పోనివ్వండి."

అతను తన మేజోళ్ల వంక చూసుకున్నాడు. మెల్లిగా అన్నాడు, "మీ పేరు చెప్పినప్పుడే అర్థమైందండి. అయినా అడిగేను. అలవాటు." నావైపు చూడకుండానే, "వీధి సంగతీ తెలుసండి. మా ఇంట్లో ఎవరూ మాట్లాడరంతే" అన్నాడు. తరవాత తన మంకీక్యాపు సరిచేసుకుని, "మీరీ మండపంలోనే ఉండండి, కిందకి దిగకండి" అని, నేనేదో అనేలోపు మెట్లు దిగి, ఆ మేజోళ్లతోనే మంచులో పడి కొండ కిందకి పరిగెత్తాడు.

అంత పొడుగు ఎదురుచూపు నా జీవితంలో మళ్లీ లేదు. హారన్ మోగుతూనే ఉంది. వార్డెనమ్మ బస్సుకీ మండపానికీ మధ్య తిరుగుతూ, మీ మూలంగా అందరూ కొండమీద చిక్కుకుపోతారని కేకలేసింది. ఊడ్చే ముసలమ్మ తన పైకోటు తీసి నా పాదాల మీద కప్పింది. అతను తిరిగి రాకపోతే ఏం చెయ్యాలి? వచ్చి, దొరకలేదంటే? అప్పుడు కూడా నడవకుండా నిలబడగలనా? ఇంకాసేపైతే నేనే దిగిపోయేదాన్నేమో. ఆ ఆలోచనకి ఏడుపొచ్చింది. వెలుతురు తగ్గిపోతుండగా కొండ మలుపులో మంకీక్యాపు కనపడింది. రెండు చేతులూ ముందుకి చాచి, గుండెలకి ఆనించి ఏదో పట్టుకుని వస్తున్నాడు. అవి నా బూట్లు.

మండపం మెట్ల మీద, సరిగ్గా నా ముందు, జతగా పెట్టాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. "ఇవేనాండీ?"

"ఆయ్" అన్నాను. "మరి మీవి?"

"అప్పుడే ఎవరికో ఇచ్చేసేరటండి. అవసరమున్నాయనే అయ్యుంటాడు లెండి" అని, నేను లేసులు కట్టుకుంటుంటే పక్కకి తిరిగి నిలబడ్డాడు.

ఇద్దరం ఆ ఖాళీస్థలం దాటాం. నా కాళ్లకి మా నాన్న బూట్లు, నా పక్కన తడిసిన మేజోళ్లతో పెద్దవీధి అబ్బాయి. బస్సులో ఎవరూ నవ్వలేదు. అమ్మ అల్లిచ్చిన మఫ్లరు తీసి ఇస్తే కాళ్లకి చుట్టుకున్నాడు.

చదువు ముగించుకుని ఇంటికొచ్చాక ఈ కథంతా చెప్తే నాన్న పాలిషుగుడ్డ మడతపెడుతూ, "ఆ అబ్బాయివి దొరకనే లేదా? పాపం" అన్నాడు. నాయనమ్మ మాత్రం పడీపడీ నవ్వింది. "పెద్దీధి అబ్బాయి మేజోళ్లతో మంచులోనా!" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నవ్వు అయిపోయాక, "కాళ్లు పుళ్లు పడ్డాయేంటే ఆ పిల్లోడికి?" అని అడిగింది.

సత్తిబాబు గారు హైదరాబాదులో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఊరొచ్చేశారు. ఎక్కడైనా పెళ్లిళ్లలో ఎదురైతే ముందు నా కాళ్లకేసి చూసి, "బూట్లు జాగ్రత్తండీ" అనేవారు. వెళ్లేటప్పుడు ప్రతిసారీ "ఓసారి మా ఇంటికి రండి" అనేవారు. "తప్పకుండానండి" అనేదాన్ని. ఇన్నేళ్లలో నేను వెళ్లలేదు. మా ఇంటికి ఆయనా రాలేదు. మా మధ్య స్నేహం ఉంది, ఈ వీధీ ఉంది.

ఇప్పుడు వీధంతా సిమెంటు రోడ్డు. సగం ఇళ్లకి తాళాలు. కాలవ అవతల పేటలో దుబాయి, కువైట్ వెళ్లొచ్చినవాళ్లు కట్టిన మేడలు ఇక్కణ్ణించే కనపడుతున్నాయి, పెద్దవీధి పెంకుటిళ్లకన్నా ఎత్తుగా. నేను చెప్పులతోనే నడిచాను. షామియానా కింద ఉన్నవాళ్లు ఫోన్లలోంచి తలెత్తనైనా లేదు. మా ముత్తాతని వంచిన వీధి ఇంత చిన్నదా అనిపించింది. అయినా అద్దె ఇల్లడిగితే పేరు విని మాట మార్చేవాళ్లని, నా శిష్యుల ప్రేమపెళ్లిళ్లకి అడ్డం పడ్డవాళ్లని చూస్తూనే ఉన్నాను గనక, అంతా మారిపోయిందని రాయలేను.

గుమ్మం ముందు చెప్పుల కుప్ప. నేను ఒంగబోతుంటే లోపల్నించి ఒక అమ్మాయి గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అదే పొడుగు, అవే కళ్లు. "కరుణ మేడంగారాండి? విప్పకండి. నాన్నగారు మరీ మరీ చెప్పేరండి, మీరెప్పుడొచ్చినా చెప్పులతోనే లోపలికి తీసుకురమ్మని. ఎందుకని అడిగితే, ఆవిడకి తెలుసులే అనేవారు."

కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్లు ఇటే చూస్తున్నారు. నాకు ఆ కొండ మలుపు, గుండెలకి ఆనించుకున్న బూట్లు కళ్లముందు మెదిలాయి. స్తంభం పట్టుకుని ఒక్కొక్కటే విప్పాను. కుప్పకి దూరంగా, రెండూ జతగా, మొనలు బయటికి తిప్పి పెట్టాను.

"అయ్యో, వద్దన్నాను కదండీ!" అంది ఆ అమ్మాయి.

"విప్పడానికి ఉన్నాయి కదమ్మా" అని లోపలికి నడిచాను.